బిందె మీది పేరు

నాకు ముక్కు మీద కోపమని మా వాడకట్టులో చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ. పదిహేనేళ్లు నోరు మూసుకుని మగ్గాలకు నూలు కండెలు చుట్టినప్పుడు "సత్తవ్వ కోడలు బంగారం" అన్నది కూడా వీళ్లే. ఆ బంగారానికి ఈ మధ్యే నోరొచ్చింది. ఎందుకొచ్చిందో చెప్తాను, విన్నాక నా కోపం ఎక్కువో తక్కువో మీరే తేల్చండి.

నేను పుట్టింది మంథనిలో. కులానికి నేతవాళ్లమే కానీ మా తాత కాలానికే మగ్గం మూలకు పడి, వరి మడి చేతికొచ్చింది. మా బాపు లక్ష్మీరాజం నాకు పెట్టిన పేరు నవీన. ఆ పేరుతోనే బళ్లో చేరాను, ఆ పేరుతోనే పదో తరగతి పరీక్ష రాశాను. ఆఖరి పరీక్ష అయిన నలభై రోజులకు నా పెళ్లి చేశారు. అప్పటికి నాకు పదహారేళ్ల తొమ్మిది నెలలు. పెళ్లిచూపుల్లో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. వంచిన తల ఎత్తమన్నారు, ఎత్తాను, మళ్లీ దించమన్నారు.

నన్నిచ్చింది సాంచాల ఊరికి. మరమగ్గాన్ని మా దిక్కు సాంచె అంటారు. మా అత్త సత్తవ్వ, మామ ఇద్దరూ మహారాష్ట్రలో భీవండిలో ఇరవై ఏళ్లు కూలికి సాంచాలు నడిపి, తిరిగొచ్చి ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంతంగా నాలుగు పెట్టుకున్నారు. అక్కణ్నించి ఒక అలవాటు కూడా మోసుకొచ్చారు. మరాఠీవాళ్ల ఇళ్లల్లో పెళ్లినాడే కోడలికి కొత్త పేరు పెడతారట. పళ్లెంలో బియ్యం పోస్తే, పెళ్లికొడుకు ఆ బియ్యంలో వేలితో పేరు రాస్తాడు. మా ఆయన వెంకటేశ్ రాశాడు. వనిత అని రాయబోయి 'ని'కి గుడి మరిచిపోయాడు. అందరూ నవ్వారు. నేను తలవంచుకునే చెయ్యి చాపి ఆ గుడి పెట్టాను. నా పేరు తుడిచేసే పేరులో తప్పు దిద్దింది నేనే. అది గుర్తొస్తే ఇప్పటికీ ఆ వేలు విరుచుకోవాలనిపిస్తుంది.

పెళ్లైన పదకొండో రోజు ఫలితాలొచ్చాయి. ఆరువందలకు ఐదువందల యాభై రెండు, బడికంతా నేనే ఫస్టు. మా లెక్కల సారు రామచంద్రం గారు సంబరపడిపోయి, ఈ మార్కులకు బాసరలో సీటొస్తుంది, హాస్టల్లో ఉంచి ఇంజినీరింగ్ దాకా చదివిస్తారు, ఫారం నేను నింపుతాను, పిల్ల వచ్చి సంతకం పెడితే చాలని, మా బాపు దగ్గర నంబరు తీసుకుని మా అత్తగారింటికి ఫోను చేశారు. అత్త ఎత్తింది. నవీనకు ఇవ్వమ్మా అన్నారట ఆయన.

"గిక్కడ నవీన ఎవ్వరు లేరు" అని పెట్టేసింది.

మూడుసార్లు చేశారట. మూడుసార్లూ అదే మాట. నేను షెడ్డులో, నాలుగడుగుల అవతల, కండెలు చుడుతున్నాను. సాంచాల చప్పుడులో నాకేమీ వినపడలేదు. రెండేళ్ల తర్వాత చంకలో బిడ్డతో మంథని బస్టాండులో దిగితే, సారు కనిపించి, ఎందుకు రాలేదమ్మా అని అడిగారు. అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చి అత్తను అడిగితే చీమ కుట్టినట్టు కూడా లేదు. నేనేమన్నా అబద్ధమాడిన్నా, నవీన ఉన్నదా మన ఇంట్ల అని నన్నే ఎదురడిగింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. అంతే, అప్పట్లో నాకు వచ్చిన కోపం అంతమాత్రమే.

ఇక ఇప్పటి సంగతి. మా వాడకట్టుకు అంగన్‌వాడీ టీచరు పోస్టు పడింది. ఆ వాడలోనే కాపురం ఉండే పెళ్లైన ఆడమనిషై ఉండాలి, ముప్పై ఐదు దాటకూడదు, పదో తరగతి మార్కులు చూసి తీసుకుంటారు. వినగానే నవ్వొచ్చింది. పెళ్లి వల్ల చదువు పోయినదానికి ఆ పెళ్లే అర్హత అయింది. దరఖాస్తు పెడతానంటే మా ఆయన, పెట్టు తీయ్ అన్నాడు. ఎట్లాగూ రాదనుకున్నాడు. పదిహేడు మంది పెట్టారు. మార్కుల్లో నాదే మొదటి పేరు. గోడకు అంటించిన ఆ కాగితం ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. నవీన అని అచ్చులో ఉంది.

సర్టిఫికెట్లు చూసేరోజు ఆఫీసులో గుమాస్తా విజయేందర్ నా కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి, వాటి వంకా నా వంకా చూశాడు. పదో తరగతి మెమోలో నవీన, పుట్టింది 1993 ఆగస్టు. ఆధార్‌లో వనిత, పుట్టింది 1991 జనవరి ఒకటి. ఆధార్ తీసేటప్పుడు పక్కన నిలబడి ఆ పేరూ ఆ తేదీ చెప్పింది మా అత్త. అట్లా వేస్తే పెళ్లినాటికి నాకు పంతొమ్మిది నిండినట్టు ఉంటుంది. రేషన్ కార్డు, ఓటరు కార్డు, నా బిడ్డ బడి రికార్డు అన్నీ దాని వెనకే నడిచాయి.

"వేరేటోళ్ల సర్టిఫికెట్ పట్టుకొచ్చి నౌకరి చేస్తనంటే ఎట్లమ్మా" అన్నాడు విజయేందర్.

ఒళ్లు మండిపోయింది. చలి పొద్దున నాలుగింటికి లేచి కిరోసిన్ బుడ్డి ముందు చదివి తెచ్చుకున్న మార్కులు అవి. నా మార్కులను నేనే దొంగతనం చేశానట. వరుసలో నిలబడ్డ ఆడవాళ్లందరూ నన్ను దొంగను చూసినట్టే చూశారు. అరిచాను. నా అరుపుకు లోపల్నించి ఆఫీసరు మేడం బయటికొచ్చి, విషయం విని, కోప్పడకుండానే చెప్పారు. ఆ ఇద్దరూ ఒక్కరేనని అత్తగారింటి పెద్దలో, కన్నవాళ్లో వచ్చి సంతకం పెట్టాలి. లేదంటే పాత పేరూ మా ఆయన పేరూ కలిసి ఉన్న ఆనాటి ఆధారం ఏదైనా తేవాలి. శుక్రవారం సాయంత్రం ఐదు దాటితే రెండో పేరును పిలుస్తారు. వచ్చే జనవరికి ఆధార్ లెక్కన నాకు ముప్పై ఐదు నిండుతాయి. అంటే నాకు ఇంకో పోస్టు పడదు, ఇదే మొదటిది, ఇదే ఆఖరిది.

ఇంటికొచ్చి అత్తను అడిగాను. మామ పోయాక ఇంటికి పెద్ద ఆమే. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆమె బీడీ వెలిగించుకుని, తాపీగా, నేను తెచ్చుకున్నది వనితను, నవీన ఎవరో నాకు తెల్వది అంది. మా ఆయన వైపు తిరిగాను. ఆయన అసలు సంగతి కక్కాడు.

"గా సర్టిఫికెట్ నీదే అని సంతకం పెడ్తే, పదహారేండ్ల పిల్లను చేసుకున్నట్టు నేనే రాసిచ్చినట్టు గద. రేపు కేసయితే నన్ను లోపలేస్తరు."

ఆయన ముఖంలో నిజంగానే భయం ఉంది. మంచివాడే, తాగడు, కొట్టడు, అందరూ అదే చెప్తారు. ఆ మంచితనం పట్టుకుని నేనేం చేసుకోవాలి. నా ఉద్యోగం పోతోందన్న భయం మాత్రం ఆ ముఖంలో లేదు.

గురువారం మంథని బస్సెక్కాను. నన్ను కన్న అవ్వ పోయి ఆరేళ్లైంది. బాపు ఒక్కడే వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సంతోషపడి చాయ్ పెట్టుకొచ్చాడు. కాగితం తీసి చూపించగానే ఆ చాయ్ గ్లాసు పక్కన పెట్టి, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. సంబంధం మంచిదని చేశానని, చెల్లెళ్లు ఎదిగొస్తున్నారని, ఆడపిల్ల బాసర హాస్టల్లో ఉంటే నలుగురూ ఏమంటారోనని, పదిహేనేళ్ల కింది కారణాలన్నీ మళ్లీ వరసగా చెప్పాడు. సంతకం సంగతి చెప్పు అన్నాను. సంతకం పెడ్తే ముందు నన్నే పట్టుకుంటరు గద బిడ్డా అన్నాడు.

"అప్పుడే నాకు గా భయముండె. అందుకే పెండ్లికార్డులు గుడ కొట్టియ్యలే, ఫోటోలు తియ్యనియ్యలే. ఎక్కడ ఒక్క అక్షరం లేకుంట చేసిన."

తప్పు చేసినట్టు కాదు, తెలివైన పని చేసినట్టు చెప్పాడు. "గంత జాగ్రత్త నా చదువు మీద పెట్టకపోతివి బాపు" అన్నాను. ఆయన ఏడ్చాడు. ఏడిస్తే నాకు జాలి కలగాలి. కలగలేదు. రాత్రికి అక్కడే ఉండి, పొద్దున్నే ఆయనతో మాట్లాడకుండా బయల్దేరాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటే నమిలాను. ఒక్క అక్షరం లేకుంట చేసిన. కార్డుల మీద లేదు, ఫోటోల వెనక లేదు, ఏ రిజిస్టరులో లేదు. పెద్దపల్లి దాటాక మా మేనమామ రాయమల్లు గుర్తొచ్చాడు. గోదావరిఖని బొగ్గు బాయిలో పనిచేసేవాడు. నా పెళ్లి ఖాయమైన రోజు మా బాపుతో జగడం పెట్టుకున్నది ఆయన ఒక్కడే. పిల్లను మా క్వార్టర్‌కు పంపు, కాలేజీలో వేస్తానని మొత్తుకున్నాడు. బాపు చెవిన వేసుకోలేదు. మామ పెళ్లికైతే వచ్చాడు. పెద్ద స్టీలు బిందె నా ముందు పెట్టి, నా తల మీద చెయ్యి వేసి, విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్లిపోయాడు. నాలుగేళ్ల కింద ఆయనా పోయాడు. ఆ బిందె మీద పేర్లు కొట్టించి తెచ్చాడు. మన దగ్గర ఏ పెళ్లికి గిన్నె ఇచ్చినా పేర్లు కొట్టించకుండా ఇవ్వరు కదా. కాగితాలన్నీ మాయం చేసినవాళ్లకు గిన్నెల కొట్టువాడు గుర్తుకు రాలేదు.

ఆ బిందె ఎక్కడో లేదు. మా షెడ్డులోనే ఉంది. పనోళ్లు తాగే నీళ్లు చల్లగా ఉండాలని పదేళ్లుగా దానికి తడి గోనెసంచి చుట్టి పెడుతున్నది నేనే.

ఇల్లు చేరేసరికి రెండైంది. సంచి కింద పడేసి నేరుగా షెడ్డులోకి వెళ్లాను. గోనె విప్పాను. పాచి పట్టి నల్లగా ఉంది. చింతపండు వేసి, ఇటుక పొడి వేసి, చేతులు మంట పుట్టేదాకా తోమాను. నా బిడ్డ తిరుమల తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆ రోజు బడి లేక ఇంట్లోనే ఉంది. వచ్చి పక్కన కూర్చుని, చుక్కలు చుక్కలుగా కొట్టిన ఆ అక్షరాలను కూడబలుక్కుంటూ చదివింది. చి.ల.సౌ. నవీన, చి. వెంకటేశ్. మా ఆయన ఇంటిపేరు కూడా ఉంది. కింద మేనమామ రాయమల్లు, 19-5-2010. నా పేరు నా బిడ్డ నోట వినడం అదే మొదలు.

సాంచాలు ఆగిపోయాయి. తలెత్తితే మా ఆయన, ఆయన వెనక అత్త. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకుండానే అత్తకు అర్థమైంది. ఆమెకు చదువు రాకపోయినా తేదీ అంటే ఏమిటో బాగా తెలుసు. కొడుకుతో, ఆకురాయి తెచ్చి అది గీకేయ్ అంది. ఆయన నిజంగానే పనిముట్ల డబ్బా వైపు కదిలాడు. నేను బిందెను ఒడిలోకి లాక్కున్నాను.

అప్పుడు అత్త ఇంకో మాట జారింది. "గిది బయటవడితే రేపు పిల్ల సంబంధం చెడుతది. భీవండోళ్లు దానికి పేరు గుడ అనుకున్నరు."

నాకు ముందు అర్థం కాలేదు. తిరుమల ముఖం చూశాక అర్థమైంది. దానికీ తెలియదు. దాని పద్నాలుగేళ్ల నెత్తి మీద వీళ్లు అప్పుడే బియ్యం పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. ఎప్పటికి అని అడిగాను. పదో తరగతి అయినంక అన్నాడు మా ఆయన, నేల చూస్తూ. అంటే ఈయనకూ తెలుసు. ఒకే కంచంలో తిని, ఒకే గదిలో పడుకుని, నా బిడ్డ పేరు మార్చే మాట నా దగ్గర దాచాడు. నన్ను లోపలేయిస్తవా అని మళ్లీ మొదలుపెట్టాడు.

"పదహారేండ్లకే నన్ను లోపలేసిండ్రు గద. నేను సచ్చిన్నా?" అన్నాను.

ఆయన చేతిలోని ఆకురాయి కిందపడింది. ఆయన వంగి తీసుకునేలోపు నేను బిందెను చంకనెత్తుకుని, ఇంకో చేత్తో సర్టిఫికెట్ల సంచి పట్టుకుని గడప దాటాను. తిరుమలను పక్కింటి శంకరవ్వ దగ్గర కూర్చోమన్నాను, నేనొచ్చేదాకా ఎవరు పిలిచినా కదలొద్దన్నాను.

చంకలో ఖాళీ బిందెతో నడుస్తుంటే దారిపొడుగునా ఒకటే ప్రశ్న. నల్లా రాలేదా వనితా అని. ఆటోవాడు కూడా, బోరింగు దగ్గర దింపాలా అక్కా అన్నాడు. మామూలప్పుడైతే నవ్వేదాన్నే. ఆఫీసు మెట్లెక్కుతుంటే విజయేందర్, నీళ్లు పట్టుకొచ్చినవామ్మా అని ఇకిలించాడు. మాట్లాడకుండా బిందెను ఆయన బల్ల మీద, ఆయన ఫైళ్ల మీద, ధన్‌మని పెట్టాను. ఇంకా తడారని బిందె అడుగు ఏదో కాగితానికి గుండ్రంగా అంటుకుంది. అక్షరాలు ఆయన వైపు తిప్పాను.

చదివాడు. ఆధార్‌లో భర్త పేరు చూశాడు, మళ్లీ బిందె చూశాడు. ఇకిలింపు పోయింది. బిందెను తనే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాడు.

మేడం కళ్లద్దాలు పెట్టుకుని, ఆ తేదీ మీద వేలు పెట్టి రెండుసార్లు చదివారు. తర్వాత తలుపు దగ్గరికి వేయించి, నన్ను కూర్చోమని, నెమ్మదిగా చెప్పారు. పేరు కలుస్తుంది, ఇంటిపేరు కలుస్తుంది, నీ వాంగ్మూలం రాసుకుని ఇది జతచేస్తే పోస్టుకు అడ్డం లేదు. కానీ నీది ఏ పుట్టిన తేదీయో రాయాలి, పెళ్లి తేదీ కూడా రాయాలి. ఆ రెండూ పక్కపక్కన రాస్తే చదివినవాళ్లెవరికైనా తెలిసిపోతుంది.

"నేను రాసినంక దాచేది ఉండదమ్మా. పైకి పంపాల్సిందే. మీ ఆయన, మీ నాయిన జవాబు చెప్పుకోవాల్సొస్తది. పది నిమిషాలు బయట కూసోని ఆలోచించుకో."

బయట బెంచీ మీద కూర్చున్నాను. గోడ గడియారంలో నాలుగుంబావు. నిజం చెప్పాలంటే అప్పుడు బిందె తీసుకుని ఇంటికి పోదామా అనిపించింది. తువ్వాలతో ముఖం తుడుచుకున్న బాపు కళ్లముందు కదిలాడు. అంతలోనే బండి చప్పుడు, మెట్ల మీద మా ఆయన. చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేదు. నా పక్కన కూర్చుని, ఇంటికి నడువ్ వనితా అన్నాడు. నిన్నేమన్న తక్కువ చేసిన్నా అన్నాడు. తిరుమల సంబంధం ఒక ఏడాది ఆపుదామన్నాడు, కావాలంటే రెండేళ్లు. నేను గడియారం వైపే చూశాను. రెండేళ్లట. బేరం ఆడుతున్నాడు.

తలుపు తెరుచుకుంది. విజయేందర్ తల బయటపెట్టాడు. లోపల ఎవరో పిలిచినట్టున్నారు, నా వైపు చూడకుండానే చేతిలో కాగితం చూసి అరిచాడు.

"నవీన ఎవరు? నవీన ఉన్నదా, పోయిందా?"

మా ఆయన చటుక్కున లేచి నిలబడ్డాడు.

"గిక్కడ నవీన ఎవ్వరు లేరు సార్" అన్నాడు.

ఆ మాట ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఆలోచించి కూడా అనలేదు. తల్లి నోట్లోంచి కొడుకు నోట్లోకి దానంతటదే వచ్చింది. పదిహేనేళ్ల కింద సాంచాల చప్పుడులో నాకు వినపడని మాట ఈసారి స్పష్టంగా, నా చెవి పక్కనే వినపడింది.

నేను లేచాను.

"ఉన్న" అన్నాను. "రాయుమనుండ్రి."